చుక్క తప్పని చెయ్యి

"పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా." ధనుర్మాసం పొద్దుల్లో మా అవ్వ వాకిట్లో వంగి, తనలో తాను లెక్క చెప్పుకుంటూ చుక్కలు పెట్టేది. తర్వాత వేళ్ల సందున పిండి జార్చుతూ గీత మొదలుపెడితే, అది చుక్కల చుట్టూ మెలికలు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి కలిసేది. అతుకు ఎక్కడుందో కనిపించేది కాదు. "అవ్వా, ఇదేం బొమ్మ?" అని అడిగాను ఒకసారి. "బొమ్మ కాదురా, ముగ్గు" అంది.

దక్షిణ పినాకిని ఒడ్డున, ఈ కావేరిపట్టణంలో నేను చూసిన మొదటి నైరూప్య చిత్రం అదే.

అలాంటి చిత్రం ముందు నిలబడగానే మనం అర్థం అడుగుతాం. చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ 1963లో మొదలుపెట్టిన 'మాటలు, గుర్తులు' వరుసలో జాతక చక్రాల్లాంటి గళ్లుంటాయి, అక్షరాల్లాంటి గీతలుంటాయి. చదవబోతే ఒక్క ముక్కా చదవలేం. అయినా కన్ను అక్కణ్ణుంచి కదలదు. అంతకుముందు ఏళ్ల తరబడి కేరళ పల్లెల్ని నీటిరంగుల్లో గీసిన చెయ్యి అది. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు కూడా మద్రాసులో, ఆపైన లండన్ స్లేడ్ స్కూల్లో చేతిని సానబెట్టుకున్నాకే రంగునొక్కదాన్నే నమ్ముకున్నారు.

ఈమధ్య బెంగళూరులో ఒక ప్రదర్శన చూశాను. ప్రతి చిత్రం పక్కనా నిలువెత్తు వివరణ ఉంది. వివరణలు బాగున్నాయి. చిత్రాలు మాత్రం బయటికొచ్చేసరికి ఒక్కటీ గుర్తులేదు. నాకు బాధనిపించింది. అర్థాన్ని పక్కన రాసి పెట్టొచ్చు, గీతలో లేని పట్టును రాసి తేలేం.

మా జిల్లాలోనే, బర్గూరు దగ్గర మల్లపాడి గుండు మీద తెల్లరంగుతో వేసిన గుర్రపు రౌతులున్నారు. ఎవరు వేశారో, ఏ పోరును తలచుకుని వేశారో చెప్పేవాళ్లు లేరు. అర్థం ఎప్పుడో పోయింది. గీత నిలిచింది.

అవ్వ పోయాక మా వీధిలో ముగ్గు స్టిక్కర్లొచ్చాయి. మీ వీధిలో ఇంకా చేత్తో మెలికల ముగ్గు వేసే పెద్దావిడ ఉంటే, ఈ నెలగంట పెట్టినప్పుడు పొద్దున్నే వెళ్లి పక్కన కూర్చోండి. అర్థం అడక్కండి. లెక్క నేర్చుకోండి.