నాలుగవ భాగమైన తల్లిభాష: ఎట్టయాపుర సీమలో మాధ్యమిక పరీక్ష

1904వ సంవత్సరమున ఎట్టయాపురమునందలి విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో ఒక మహాగ్రంథము అచ్చయ్యెను. అది సుబ్బరామ దీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. సంస్థానాధీశుల ఆదరమున వెలువడిన ఆ గ్రంథము తెలుగు భాషలో, తెలుగు లిపిలో నున్నది. మరుసటి యేడు, 1905లో, దీక్షితులవారే క్రొత్తగా నేర్చుకొనువారికై ‘ప్రథమాభ్యాస పుస్తకము’ను వెలువరించిరి. కోవిల్పట్టికి సమీపమున, నల్లరేగడి నేలల నడుమనున్న ఈ చిన్న పట్టణమున తెలుగు ఆనాడు శాస్త్రభాష, బోధనభాష. నేడు ఇదే సీమలో తెలుగు మాటలాడు ఇంట పుట్టిన బాలుడు పదవ తరగతి పరీక్షకు కూర్చున్నచో, చట్టము చూపిన వరుసలో అతని తల్లిభాషకు దక్కినది నాలుగవ భాగము. ఈ మార్పునకు కారణములు పెక్కు గలవు. వానిలో పరీక్షావిధానమునకు గల పాలెంత యనునదియే ఈ వ్యాసమున విచారింపబడుచున్నది.

ముందుగా ఆ విధానపు స్వరూపమును తెలిసికొనుట యవసరము. తమిళనాట మాధ్యమిక విద్య ముగిసినదనుటకు సాక్ష్యము ఎస్.ఎస్.ఎల్.సి. యోగ్యతాపత్రము. పూర్వము ఆ పరీక్ష పదునొకండవ తరగతి చివర జరిగెడిది. 1978లో హయ్యర్ సెకండరీ తరగతులు ప్రవేశపెట్టబడిన పిదప పదవ తరగతికి వచ్చినది. భాషలు రెండు, గణితము, విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము అను ఐదు విషయములకు ఒక్కొక్కదానికి 100 చొప్పున 500 మార్కులు ఏర్పడినవి. ఒక్కొక్క విషయమున 35 వచ్చిన ఉత్తీర్ణత. భాషలకు పూర్వము రెండేసి ప్రశ్నపత్రములుండెను. 2019లో చేసిన నిర్ణయమువలన అవి ఒక్కొక్కటైనవి.

2006వ సంవత్సరపు తమిళభాషాబోధన చట్టము ఈ విషయములను భాగములుగా విభజించినది. మొదటి భాగము తమిళము. అది అందరకును విధి. రెండవది ఆంగ్లము. మూడవది గణితాది శాస్త్రములు. తమిళముగాని ఆంగ్లముగాని మాతృభాష కానివారు తమ భాషను నాలుగవ భాగముగా, ఐచ్ఛికముగా చదువుకొనవచ్చును. 2006-07లో ఒకటవ తరగతితో మొదలైన ఈ యేర్పాటు ఏటేట ఒక్కొక్క తరగతి పైకెక్కి 2015-16లో పదవ తరగతిని చేరెను. అంతవరకు తెలుగును మొదటి భాషగా వ్రాయుచు వచ్చిన పాఠశాలలలో అప్పుడు కలవరము పుట్టినది. తమిళము చెప్పు ఉపాధ్యాయులు తగినంతగా లేకయే తమిళ పరీక్ష వ్రాయవలసి వచ్చుట అన్యాయమని అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానములకు పోయిరి. మినహాయింపులు లభించెను. 2019లో మద్రాసు ఉన్నత న్యాయస్థానము గడువును పొడిగించినది; 2023 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము మరియొక సంవత్సరము పొడిగించినది.

ఈ మినహాయింపులను విజయములుగా చెప్పుకొనుట మన సభలలో వాడుక. అవి ఆయా యేండ్ల పిల్లలకు మేలు చేసినవనుటలో సందేహము లేదు. కాని మినహాయింపు ఉపశమనమే కాని విధానము కాదు. జూన్ మాసమున తరగతిలో కూర్చున్న పిల్ల మార్చిలో తాను ఏ భాషలో మొదటి పత్రము వ్రాయవలెనో యెరుగకుండుట చదువునకు మేలుచేయునది కాదు. రాజ్యాంగపు 350-ఏ అధికరణము, 1956లో చేర్చబడినది, మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పింపుమని రాష్ట్రములను ఆదేశించుచున్నది. అయితే ఆ మాట ప్రాథమిక దశకే పరిమితము. మాధ్యమిక దశలో తల్లిభాషకు దిక్కు పరీక్షావిధానమే. కావున వివాదమంతయు ఆ పరీక్షపైననే జరుగుట సహజము.

తమిళమును నేర్వవలదని ఇక్కడ ఎవరును వాదింపరాదు. ఎట్టయాపురమున 1882లో జన్మించి, పదునొకండేండ్ల ప్రాయమున ఆ సంస్థాన విద్వత్సభలోనే ‘భారతి’ యను బిరుదమందిన సుబ్రహ్మణ్య భారతి మహాకవిని తెలుగువారును తమవానిగా భావింతురు. బజారున, సంతలో, కచేరీలో, పొరుగింట తమిళమే బ్రతుకుబాట. విమర్శింపదగినది తమిళము మొదటి భాగమగుట కాదు; ‘ఐచ్ఛికము’ అను మాటకు బడిలో కలుగు అర్థము.

చట్టమున ఐచ్ఛికమనగా విద్యార్థి యిష్టము. బడిలో దాని యర్థము వేరు. ఏ విషయము ఉత్తీర్ణతకు అక్కరలేదో దానికి కాలపట్టికలో చివరి గంట దక్కును. ఆ గంటయు పరీక్షలు సమీపించినకొలది గణితమునకు పోవును. ఉపాధ్యాయుడు పదవీవిరమణ చేసినచో ఆ స్థానమును నింపుటకు తొందర కలుగదు. తల్లిదండ్రులు ‘తెలుగు మార్కుతో పిల్లవానికి ఏమి ఒరుగును?’ అని యడుగుదురు. ఆ ప్రశ్నకు బదులు చెప్పుట కష్టము. ఐచ్ఛిక భాషకును ఉత్తీర్ణతా మార్కు ఉండవలెను, అది యోగ్యతాపత్రమున విలువ పొందవలెను అను కోరిక ఈ కారణముననే పుట్టినది. అది న్యాయమైన కోరిక.

అయినను అంతటితో సమస్య తీరునా? మార్కు లెక్కకు వచ్చుట మొదటి మెట్టు. ఆ మార్కు దేనిని కొలుచుచున్నదనునది రెండవ మెట్టు. ఈ రెండవ ప్రశ్నను మనవారు బొత్తిగా విచారింపలేదు.

భాషాపరీక్ష యనగా సాధారణముగా పద్యపూరణము, ప్రతిపదార్థము, సంధులు, సమాసములు, లేఖ, వ్యాసము. ఇవి యన్నియు అవసరములే. కాని కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగరము ప్రాంతములలో తెలుగు నిలిచియున్నది కాగితముమీద గాదు, నోటిమీద. అక్కడి సేద్యగాండ్ర, కూలివారి యిండ్లలో, రాజపాళయపు రాజుల యిండ్లలో తెలుగు వినికిడివలన తరతరములకు దిగివచ్చినది. ఆ పిల్లవాడు అవ్వతో గడియసేపు తెలుగున ముచ్చటింపగలడు, సామెత చెప్పగలడు, పొలమునందలి పని నంతయు వర్ణింపగలడు. కాని లిపి యెదుట నోరు మెదపలేడు. వ్రాతపరీక్ష అతనికి సున్న వేయును. దానికి భిన్నముగా, ఇంట తెలుగు లేకున్నను పద్యములు వల్లించి, వ్యాసమును కంఠస్థము చేసినవానికి ఎనుబది రావచ్చును. ఈ ఇరువురిలో తెలుగు తెలిసినవాడెవడు? ఆ మార్కు ఈ ప్రశ్నకు సమాధానమీయలేదు. భాషను కొలువవలసిన కొలత జ్ఞాపకశక్తిని మాత్రము కొలుచుచున్నది.

వినుట, పలుకుట పరీక్షింప వీలుకానివని యనరాదు. ఇదే ఎస్.ఎస్.ఎల్.సి.లో విజ్ఞానశాస్త్రమునకు 75 మార్కులు వ్రాతకు, 25 ప్రయోగమునకు ఇచ్చుట కలదు. ఆమ్లమును చేత పట్టి చూపినగాని రసాయనము వచ్చినట్లు కాదని ఒప్పుకొనిన విధానము, నోరు తెరువకయే భాష వచ్చినదని ఎట్లు నమ్మును? ఇంగ్లండునందు పంజాబీ, ఉర్దూ, బెంగాలీ భాషలలో జరుపు జి.సి.ఎస్.ఇ. పరీక్షలో వినుట, పలుకుట, చదువుట, వ్రాయుట అను నాలుగింటికి సమానముగా 25 వంతులు చొప్పున విలువ గలదు. వలసవచ్చిన కుటుంబముల పిల్లలు ఇంట నేర్చిన భాషకు అక్కడ యోగ్యతాపత్రమున చోటు దొరకినది.

నోటిపరీక్షలో పక్షపాతమునకు అవకాశము గలదని ఒక ఆక్షేపణ. అది త్రోసివేయదగినది కాదు. పొరుగు పాఠశాల ఉపాధ్యాయుని పరీక్షకునిగా నియమించినచో అది చాలవరకు తగ్గును. బడిలోని మదింపును రాష్ట్రము బొత్తిగా నమ్మలేదనుటయు సరికాదు. 2020లో అంటువ్యాధి కారణమున పరీక్ష రద్దైనప్పుడు త్రైమాసిక, అర్ధవార్షిక పరీక్షల మార్కులకు 80 వంతులు, హాజరునకు 20 వంతులు విలువ కట్టి పదవ తరగతి ఫలితములను ఇచ్చిరి. అవసరము వచ్చినప్పుడు సాధ్యమైనది, ఆలోచించి చేసినచో మరింత సాధ్యము.

పరీక్ష చూడజాలని విద్య యెట్టిదో తెలుపుటకు కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామమువారు కి. రాజనారాయణన్‌గారు చాలును. తెలుగు ఇంట పుట్టి, తమిళమున వ్రాసిన ఆయన ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసినవారు కారు. తెలుగువారు దక్షిణమునకు తరలివచ్చిన కథను 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా చెప్పిరి. దాని తరువాతి కథయైన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించెను. కరిసల్ నేలల వాడుక మాటలకు నిఘంటువు కూర్చిరి. 1980వ దశకమున పాండిచ్చేరి విశ్వవిద్యాలయము ఆయనను జానపద విద్యకు ఆచార్యునిగా పిలిచినది. 2021లో కీర్తిశేషులైన ఆ పెద్దాయన యోగ్యత ఏ మార్కుల పట్టికలోను లేదు. అవ్వల నోట విని నిలుపుకొన్న మాటలో నున్నది. ప్రతి పిల్లవాడును అట్టివాడు కాడు. కాని అట్టి విని నేర్చిన విద్య ప్రతి తెలుగు ఇంటను కొంత గలదు. దానిని పరీక్ష గుర్తింపనిచో పిల్లవాడు దానిని విద్యగానే యెంచడు. రెండు తరములలో ఇల్లును దానిని మరచును.

కావున కోరవలసినవి రెండు. నాలుగవ భాగపు మార్కునకు యోగ్యతాపత్రమున నిక్కమైన విలువ యుండవలెను. ఆ మార్కులలో నాల్గవవంతైనను వినుటకు, పలుకుటకు కేటాయింపవలెను. మొదటిదానికై న్యాయవాదులు శ్రమించిరి. రెండవదానికై శ్రమింపవలసినవారు ఉపాధ్యాయులు, భాషాసంఘములు, తల్లిదండ్రులు. ఇంటి తెలుగును నోటినుండి అక్షరమునకు నడిపించు పరీక్ష కావలెను గాని, నోటిని మూయించి అక్షరమునడుగు పరీక్ష కాదు.

సుబ్బరామ దీక్షితులవారి గ్రంథమును 1961 మొదలుకొని మద్రాసు సంగీత అకాడెమీ తమిళ లిపిలో సంపుటములుగా వెలువరించినది. అందువలన ఎట్టయాపురపు బాలుడు దానిని నేడు తమిళమున చదువగలడు. అది సంతోషింపదగిన విషయము. అయితే తన యూరిలోనే అచ్చయిన మొదటి ప్రతిని చేతికిచ్చినప్పుడు, అవ్వతో మాటలాడు భాషయే అందున్నదని అతడు గుర్తుపట్టవలెను. ముఖపత్రము మీది పేరును కూడబలుకుకొనియైనను చదువవలెను. అంతమాత్రము సాధింపజేసిన పరీక్షయే తెలుగు పరీక్ష యనిపించుకొనును.