యే ఇంట్ల? ఈడనా, ఊర్లనా?

సర్వే ఫారం మొదటి పేజీలోనే ఆ ప్రశ్న ఉంటుంది: ఇంట్లో ఎంతమంది? మామూలు చోట అర నిమిషంలో తేలిపోయేదే. సూరత్‌లోని ఉధ్నా, లింబాయత్ గల్లీల్లో అంత తేలిగ్గా తెమలదు. సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల డ్యూటీ దిగి వచ్చిన సిరిసిల్ల వైపు మనిషిని అడిగితే, "యే ఇంట్ల సారూ? ఈడనా, ఊర్లనా?" అని ఎదురు ప్రశ్న పడుతుంది.

ఆ అడగడంలో న్యాయం ఉంది. ఈడ ఉన్నది ఒక గది. అందులో తను, బామ్మర్ది, ఊరి పోరగాళ్లు ఇద్దరు. పగటి డ్యూటీవాళ్లు లేచి పోయాక రాత్రి డ్యూటీవాళ్లు వచ్చి అదే చాప మీద నడుం వాలుస్తారు. ఊర్ల అవ్వ, నాయిన, భార్య, చిన్న బిడ్డ. పెద్దకొడుకు మాత్రం లింబాయత్‌లో పెదనాయిన ఇంట్లో ఉండి మున్సిపల్ తెలుగు బడికి పోతుంటాడు. ఇక్కడి పగారుతో అక్కడి చిట్టీ కడతారు. అక్కడి బియ్యం సంచి రైలెక్కి ఇక్కడికి వస్తుంది. ఫారంలో ఉన్నది ఒకటే గడి. అందులో ఒకటి పడుతుందా, నాలుగు పడుతుందా, ఆరు పడుతుందా అన్నది ఆ పూట వచ్చిన ఇన్వెస్టిగేటర్ ఓపికను బట్టి ఉంటుంది.

విశ్వవిద్యాలయ పరిశోధన అనగానే చాలామందికి ప్రయోగశాలలు, ఖరీదైన యంత్రాలు గుర్తొస్తాయి. ఆ పందెంలో మన దేశం వెనకబడి ఉన్నమాట నిజమే. పరిశోధనకు, అభివృద్ధికి కలిపి మనం పెడుతున్న ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. అయితే పై గడిని సరిచేయడానికి యంత్రమేదీ అక్కర్లేదు. వెళ్లిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్లగలిగే మనిషి కావాలి. ఉధ్నా నుంచి మగ్దల్లా వైపు పోయే రోడ్డు మీద అలాంటి మనుషులు పనిచేశారు. వాళ్ల పని తెలుగువాళ్లకు తెలియాల్సినంత తెలియదు.

ఆ రోడ్డు మీదే వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఉంది. 1960లలో పుట్టింది, 2004 నుంచి సూరత్ కవి నర్మద్ పేరుతో నడుస్తోంది. ఆ ఆవరణలోనే సెంటర్ ఫర్ సోషల్ స్టడీస్ అనే చిన్న సంస్థ ఉంది. సామాజిక శాస్త్రవేత్త ఐ.పి. దేశాయ్ 1969లో దాన్ని ప్రారంభించారు. తెలుగువాళ్లు వచ్చే దారీ ఇటే: వరంగల్ మీదుగా వచ్చే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ భుసావల్, నందుర్‌బార్ దాటి తాప్తీ లైనులో వస్తే, ఆ లైను ముంబై–అహ్మదాబాద్ లైనును కలిసేది ఉధ్నాలోనే. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల పద్మశాలీలు ఊళ్లో మగ్గం కూడు పెట్టక షోలాపూర్‌కు, భివండీకి, సూరత్‌కు తరలిపోయారు. 1982లో బొంబాయి మిల్లుల సమ్మె మొదలై ఆ మిల్లులు తిరిగి లేవకుండా పోయాక సూరత్ సాంచాలకు గిరాకీ ఇంకా పెరిగింది. ఇప్పుడు ఈ సాంచాల మీద ఎక్కువమంది ఒడిశాలోని గంజాం జిల్లావాళ్లు. తెలుగువాళ్ల సంఖ్య వాళ్లకంటే తక్కువే అయినా, దసరా ముందు లింబాయత్‌లో బతుకమ్మ ఆడే చోటికి పోతే ఇది గుజరాత్ అనిపించదు.

దేశాయ్ సూరత్‌లో సంస్థ పెట్టకముందే ఆ గడి గురించి ఆలోచించినవారు. సౌరాష్ట్ర తీరంలోని మహువా అనే చిన్న పట్టణంలో కుటుంబాలను అధ్యయనం చేసి 1964లో పుస్తకం వేశారు. అప్పట్లో అందరి నోటా ఒకటే మాట: ఉమ్మడి కుటుంబం చెదిరిపోతోంది. ఆ మాట అన్నవాళ్లు చూసింది ఒక కప్పు కింద ఎంతమంది ఉన్నారన్నది. దేశాయ్ అక్కడే అడ్డుపడ్డారు. వేరే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల ఆస్తి ఉమ్మడిగా ఉందా, డబ్బు ఎటు నుంచి ఎటు పోతోంది, పెళ్లికీ చావుకీ ఎవరు ఎవరికి బాధ్యులు, ఇవన్నీ అడిగితే గాని కుటుంబం ఏదో తెలియదన్నారు. పొయ్యి వేరైనంత మాత్రాన కుటుంబం వేరైనట్టు కాదని ఆయన చూపించారు. ఉధ్నా సాంచా కార్మికుడు అడిగే ఎదురు ప్రశ్నలో ఉన్నది అక్షరాలా ఇదే.

1970లలో ఆయన చేసిన మరో పని ఇంకా గట్టిది. గుజరాత్ గ్రామాల్లో అంటరానితనం ఎంత ఉందో కనుక్కోవాలి. "మీ ఊళ్లో అంటరానితనం ఉందా?" అని అడిగితే ఏ ఊరి పెద్ద అయినా "ఇప్పుడు అవన్నీ ఎక్కడివండీ" అనే అంటాడు. దేశాయ్ ఆ మాట ఊసే ఎత్తకుండా ఒక్కొక్క పనినీ విడదీసి అడిగించారు. నీళ్లు ఎక్కడ, ఎవరు తోడతారు? బడిలో పిల్లలు ఎలా కూర్చుంటారు? పోస్ట్‌మ్యాన్ ఉత్తరం చేతికి ఇస్తాడా? దుకాణంలో సరుకు ఎలా ఇస్తారు? మంగలి క్షవరం చేస్తాడా? గుళ్లోకి రానిస్తారా? ఇలా విడదీసేసరికి నిజం రెండు పాయలైంది. బడి, బస్సు, పోస్టాఫీసు లాంటి సర్కారు జాగాల్లో అంటు సడలుతోంది. బావి, గుడి, ఇంటి గడప దగ్గర అలాగే బిగుసుకుని ఉంది. నీటి సౌకర్యాల మీద 1973లో, మొత్తం విషయం మీద 1976లో పుస్తకాలు వచ్చాయి. ఇప్పటికీ ఎక్కడ అంటరానితనం మీద సర్వే తలపెట్టినా ప్రశ్నలను ఇలా పనులవారీగా విడగొట్టకుండా ముందుకు పోవడం కష్టం.

ఇదే దక్షిణ గుజరాత్‌కు 1960ల మొదట్లో డచ్ విద్యార్థి ఒకరు వచ్చారు. పేరు యాన్ బ్రెమన్. భూస్వాములకూ, తరతరాలుగా వాళ్ల దగ్గర పాలేర్లుగా ఉన్న హళపతులకూ మధ్య సంబంధం ఎలా మారుతోందో చూడటానికి రెండు గ్రామాలను ఎంచుకున్నారు. 1974లో పుస్తకం వచ్చింది. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి. ఆయన దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నారు. ఊళ్లోని కూలీ చెరకు నరకడానికి పోతే వెంట పోయారు. ఇటుక బట్టీకి, సూరత్ సాంచాలకు పోతే అక్కడికీ పోయారు. 1985లోనూ 1996లోనూ వచ్చిన ఆయన పుస్తకాల్లో పల్లె ఎక్కడ ఆగుతుందో పట్నం ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం కుదరదు, ఎందుకంటే కూలీ బతుకులో ఆ గీత లేదు. ఒక్కసారి వచ్చిపోయేవాడికి ఈ సంగతి దొరకదు.

మనకూ అలాంటి ఆరంభం ఒకటి ఉంది. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటకు ఒక బృందాన్ని పంపింది. సామాజిక శాస్త్రంతో పాటు వ్యవసాయం, పశువైద్యం, వైద్యం చదివేవాళ్లు కూడా వెళ్లారు. ఊరివాళ్లకు పనికొచ్చే సేవ చేస్తూనే వివరాలు రాసుకున్నారు. ఎస్.సి. దూబే రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో వెలువడింది ఆ శ్రమలోంచే. స్వాతంత్య్రం వచ్చి నాలుగైదేళ్లే అయిన దేశంలో, చేతిలో పెద్దగా ఏమీ లేని విశ్వవిద్యాలయం ఇంత పని చేసింది.

సూరత్‌కు ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ఈ విద్య అక్కరకొచ్చింది. 1994 సెప్టెంబరులో ప్లేగు అన్న మాట వినపడగానే లక్షల మంది రైళ్లు, లారీలు పట్టుకుని ఊళ్లకు పరుగెత్తారు. తెలుగు కుటుంబాలు కూడా. చాలామంది ప్రైవేటు డాక్టర్లు క్లినిక్‌లు మూసేశారు. పత్రికలు ఎలుకల గురించీ మాస్కుల గురించీ రాశాయి. ఉధ్నా–మగ్దల్లా రోడ్డు మీది సంస్థలో చాలాకాలం పనిచేసిన ఘనశ్యామ్ షా అడిగిన ప్రశ్న వేరు. నగరం అంత వేగంగా పెరుగుతుంటే కార్మికులుండే బస్తీలకు నీళ్లు, డ్రైనేజీ ఎందుకు పోలేదు? ప్రజారోగ్యం ఎవరి బాధ్యత? 1997లో వచ్చిన ఆయన పుస్తకం ప్లేగును నగర పాలన వైఫల్యంగా చదివింది. అప్పటికే, 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో సూరత్ చెత్త ఎత్తడంలో దేశానికి పాఠం చెప్పే స్థాయికి చేరింది. నగరం శుభ్రపడ్డాక కూడా ఆ ప్రశ్న పాతబడలేదు.

ఫారంలో రెండో గడి కూడా చూడాలి: నెల ఆదాయం ఎంత? సాంచా మీద జీతం నెలకు ఇంత అని ఉండదు. మీటరుకు ఇన్ని పైసలు. పగారు పదిహేను రోజులకోసారి. పడుగు నూలు చుట్టిన బీమ్ అయిపోయి కొత్తది ఎక్కేదాకా సాంచా ఆగితే ఆ గంటలకు పైసా రాదు. గుడ్డలో డ్యామేజీ పడితే కోత. పెళ్లికి తీసుకున్న అడ్వాన్సు ఉంటే అందులోనే పట్టుకుంటారు. "మస్తే అయితది సారూ, చేతికొచ్చేదే తక్వ" అంటాడు మనిషి. పన్నెండు వేలా పదహారు వేలా అని ఒత్తిడి చేస్తే ఏదో ఒక అంకె చెప్పి పంపించేస్తాడు; అది పట్టికలోకి ఎక్కి సగటు అయి కూర్చుంటుంది. తెలిసినవాడు అంకె అడగడు. మొన్నటి పగారు నాడు ఎన్ని మీటర్లు పడ్డాయి, ఎన్ని రోజులు సాంచా ఆగింది, షేఠ్ ఎంత పట్టుకున్నాడు అని అడుగుతాడు. అదీ ఖాతాలో (షెడ్డులో) నిలబడి కాదు. సాంచాల షెడ్డులో మోత 90 డెసిబెల్స్ దాటుతుంది, అక్కడ పక్కవాడితో మాట్లాడాలన్నా చేతిసైగలే. పైగా పని చేయించే ముకాదమ్ చూస్తుంటాడు. డ్యూటీ మారే వేళ చాయ్ బండి దగ్గర కూర్చోవాలి. రెండోసారి పోతే గుర్తుపడతారు. మూడోసారి అసలు మాట బయటికి వస్తుంది.

ఈ మూడోసారికే మన విశ్వవిద్యాలయాల లెక్కల్లో చోటు లేదు. 2016 యూజీసీ నిబంధనలు పీహెచ్‌డీ సమర్పించే ముందు కనీసం ఒక పరిశోధన పత్రం అచ్చు వేయాలన్నాయి. ఉద్యోగానికీ ప్రమోషన్‌కూ పత్రాల లెక్క ఉండనే ఉంది. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే జర్నళ్లు కుప్పతెప్పలుగా పుట్టాయి. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి ఒకేసారి 4,305 జర్నళ్లను తీసేయాల్సి వచ్చింది. పీహెచ్‌డీకి పత్రం తప్పనిసరి అన్న షరతును 2022 నవంబరులో ఎత్తేశారు. మంచిదే. అయినా మూడేళ్లలో ముగించాలన్న తొందర, గైడు సంతకం, హాస్టల్ గడువు మధ్య పరిశోధక విద్యార్థి గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్‌లో పంపిస్తే తప్పుపట్టడం కష్టం. వాట్సాప్ ఫారం నింపే తీరిక ఉన్నవాళ్ల గురించి మాత్రమే అలా తెలుస్తుంది. రాత్రి డ్యూటీ దిగి పడుకున్నవాడి గురించి తెలియదు.

సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. ఆ బడుల్లో చదివి, ఇంట్లో తెలంగాణ యాస, వీధిలో గుజరాతీ, హిందీ మాట్లాడే పిల్లలు దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేయగలిగిన వయసుకు వస్తున్నారు. బీమ్ అంటే ఏమిటో, తాకా అంటే ఎంతో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "ఈడనా, ఊర్లనా?" అన్న ప్రశ్నకు ఆశ్చర్యపోరు కూడా, వాళ్ల ఇల్లూ రెండు చోట్లా ఉన్నదే. గుజరాత్ ప్రభుత్వం 'శోధ్' పథకం కింద పీహెచ్‌డీ విద్యార్థులకు నెలకు 15,000 రూపాయలు ఇస్తోంది. యూజీసీ జూనియర్ ఫెలోషిప్ 2023 నుంచి 37,000. ఆ పిల్లల్లో ఒకరిద్దరినైనా వెతికి ఫెలోషిప్ దాకా చేయిపట్టి నడిపించే పని ఇటు గైడులు చేయవచ్చు, అటు సూరత్ తెలుగు సంఘాలూ చేయవచ్చు. సాంచాలు పోయి వాటర్‌జెట్లు, రేపియర్లు వస్తున్నాయి. పాత సాంచా మీద ముప్పై ఏళ్లు నిలబడ్డ మొదటి తరం ఊళ్లకు మళ్లుతోంది. వాళ్లు ఇంకా లింబాయత్‌లో దొరుకుతున్నప్పుడే, వాళ్ల మీటర్ల లెక్క రాసుకున్న చిన్న నోటుబుక్కులు పాత కాగితాలవాడికి పోకముందే ఈ పని మొదలుకావాలి.