పశువుల ఎరువు లేని సేద్యము: ‘గడ్డిపరకతో విప్లవం’ – ఒక పరిశీలన

పశువుల పెంట లేనిదే పొలము పండదని మన రైతుల చిరకాల విశ్వాసము. పశువుల ఎరువును, రసాయనిక ఎరువును రెంటిని విడిచి పొలమును తరతరములు పండింప వీలగునా అను ప్రశ్న వచ్చినపుడెల్ల ఒక గ్రంథము పేరు వినవచ్చుచుండును. అది జపాను దేశీయుడు మసనోబు ఫుకువోకా రచించినది. 1975లో జపాను భాషలో వెలువడి, 1978లో ఆంగ్లములోనికి, అటుపిమ్మట ‘గడ్డిపరకతో విప్లవం’ అను పేర తెలుగులోనికి వచ్చినది. ఆ గ్రంథము ఈ ప్రశ్నకు ఎంతవరకు సమాధానము చెప్పుచున్నదో చూడవలసియున్నది.

ఫుకువోకా (1913–2008) షికోకు ద్వీపమున ఎహిమె మండలమునకు చెందినవాడు. మొక్కల తెగుళ్ళను గూర్చి శాస్త్రీయమైన శిక్షణ పొంది, యొకొహామా రేవు సుంకపు శాఖలో పనిచేసి, యౌవనముననే ఆ ఉద్యోగము విడిచి సేద్యమునకు దిగెను. తండ్రి నారింజ తోటను కత్తిరింపులు మాని వదలివేయగా చెట్లు అనేకము నశించినవని ఆయనయే చెప్పుకొనెను. ఓటమిని దాచని ఈ నిజాయితీ గ్రంథమునకు గౌరవము తెచ్చు గుణము.

ఆయన పద్ధతి సులభముగా బోధపడును. శరదృతువులో వరి కోతకు ముందే, నిలిచియున్న పైరులో తెల్లక్లోవరు విత్తులను, బార్లీ విత్తులను వెదజల్లును. వరి కోసి నూర్చిన పిమ్మట గడ్డినంతయు ముక్కలు చేయకయే పొలముపై పరచును. రాబోవు పంటకు వరి విత్తులను బంకమట్టి ఉండలలో చుట్టి అదే పొలమున చల్లును. వేసవి తొలిరోజులలో బార్లీ కోసి, దాని గడ్డిని మరల పొలమునకే ఇచ్చును. దుక్కి లేదు, నాట్లు లేవు. కృష్ణా డెల్టా రైతునకు ఇందు కొంత భాగము క్రొత్త కాదు. వరి కోతకు కొలది దినములు ముందు మినుము, పిల్లిపెసర చల్లుట అతడెరిగిన పనియే.

ఇక లెక్క చూతము. కాలెకరమునకు సుమారు 1300 పౌనుల వరి, రమారమి అంతే బార్లీ పండినవని గ్రంథము చెప్పుచున్నది. అనగా ఎకరమునకు వరి ఒక్కటే సుమారు 2350 కిలోలు. వెయ్యి కిలోల వరి గింజలో ఇంచుమించు 10½ కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరము, 2½ కిలోల పొటాషియము ఉండును. కావున ఆ ఎకరము నుండి ఏటేట 25 కిలోల నత్రజని, 5 కిలోల భాస్వరము, 6 కిలోల పొటాషియము గింజతోపాటు గట్టు దాటిపోవును. బార్లీ తీసికొనిపోవునది దీనికి అదనము.

నత్రజని విషయమున ఫుకువోకా మార్గము దృఢమైనది. గాలిలో 78 శాతము నత్రజనియే. క్లోవరు వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు దానిని మొక్కకు అందించును. పొటాషియము విషయమునను ఆయన పక్షమున బలము కలదు. వరి పైరు గ్రహించిన పొటాషియములో ఆరింట అయిదు వంతులు గడ్డిలోనే నిలిచియుండును. గడ్డి పొలములో ఉన్నచో అదియు పొలములోనే ఉండును. చిక్కంతయు భాస్వరముతోనే. అది గాలిలో లేదు. దానిని క్లోవరు సృష్టింపజాలదు. దానిలో హెచ్చుభాగము గింజను చేరి సంతకు పోవును.

ఇచ్చటనే గ్రంథములోని ఒక చిన్న మాట మిక్కిలి ముఖ్యమగుచున్నది. గడ్డి త్వరగా కుళ్ళుటకు పొలముపై కొద్దిగా కోళ్ళ పెంట చల్లవలెనని అందు కలదు. ఈ పద్ధతిని ఎరువే లేని సేద్యమని ప్రచారము చేయువారు ఈ మాటను విడిచిపెట్టుదురు. కోళ్ళ పెంటలో భాస్వరము సమృద్ధిగా ఉండును. అయితే కోడి దానిని పుట్టించదు. తిన్న గింజలోనిదే పెంటలోనికి వచ్చును. ఆ గింజ వేరొక చేనిలో పండినదైనచో, ఆ చేని భాస్వరము ఈ చేనికి మారినదన్నమాట. పశువుకును ఇదే న్యాయము వర్తించును. పెంటను తెచ్చుటయనగా పరోక్షముగ మరియొక భూమిని తెచ్చుటయే.

ఏ ఎరువును వేయనిచో పొలము ఏమగునన్న ప్రశ్నకు ఇంగ్లండులోని రోథంస్టెడ్ పరిశోధనాక్షేత్రము సమాధానమిచ్చుచున్నది. అచ్చటి బ్రాడ్‌బాక్ గోధుమ చేనిలో ఒక మడికి 1843 నుండి ఎరువు వేయలేదు. దాని దిగుబడి శూన్యము కాలేదు. కాని ఎకరమునకు సుమారు 400 కిలోల దగ్గర నిలిచిపోయినది. ఎరువు పొందిన ప్రక్కమడులు దానికి అనేక రెట్లు పండుచున్నవి. నేలలోని నిల్వ మెల్లమెల్లగా కరగుచు చిరకాలము పైరును పోషించును. కావున కొన్ని సంవత్సరముల మంచి పంటను చూచి లెక్క సరిపోయినదని తీర్మానింపరాదు.

వాతావరణ భేదమును గూడ గ్రంథము తగినంత పట్టించుకొనలేదు. ఎహిమె తీరమున ఏటికి 1300 మి.మీ.కు పైగా వర్షము పడును; అనంతపురమున సుమారు 550 మి.మీ. మాత్రమే. అచ్చట తడిసి కుళ్ళు గడ్డి ఇచ్చట నెలల తరబడి ఎండియే ఉండును. నీరు చాలని చోట నేలను కప్పిన క్లోవరు వంటి మొక్క పైరుతో తేమకు పోటీపడును.

ఇన్ని లోపములున్నను గ్రంథము చెప్పిన ప్రధాన విషయము నిలుచును. గడ్డి వ్యర్థపదార్థము కాదు. కోతయంత్రముల వెనుక మిగిలిన గడ్డిని కాల్చు చోట్ల నత్రజని దాదాపు అంతయు గాలి పాలగుచున్నది. పశువు లేని రైతు ఆ గడ్డిని పొలమునకే మరల్చి, పిల్లిపెసరనో జీలుగనో పెంచినచో పెంటతో చేయించుకొను పనిలో పెద్దభాగము నెరవేరును. మిగిలిన భాస్వరపు లోటును తీర్చు ఉపాయము మాత్రము వెదకవలెను. ఊరు తిన్నది తగిన శుద్ధి పొంది మరల చేనికి చేరుట అందొకటి. ఆ అధ్యాయము ఈ గ్రంథములో లేదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చదివింపదగును. విద్యార్థులు ప్రతి పుటలోను ఒక్క ప్రశ్న వేసికొనవలెను: పొలము నుండి పోయినది ఎంత, తిరిగి వచ్చినది ఎంత?