పులిజూదం పోరు నిబంధనలు: వాస్తవికత – క్రీడాయోగ్యత

వ్యాస సంగ్రహం

పోరును ఆటగా మలచేటప్పుడు నిబంధనలు వాస్తవాన్ని ఎంతవరకు అనుసరించాలి, ఆడటానికి అనువుగా ఎక్కడ కుదించుకోవాలి అన్న ప్రశ్నను ఈ వ్యాసం పులిజూదం ఆధారంగా పరిశీలిస్తుంది. వాస్తవికతను వివరాల సంఖ్యతో కాక, ఆటగాడు చేయవలసిన నిర్ణయాలతో కొలవాలన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలక పదాలు: పులిజూదం, లోకధర్మి, నాట్యధర్మి, యుద్ధక్రీడ, పాత్రధారణ క్రీడ.

ఉపోద్ఘాతం

అత్తిలి, తాడేపల్లిగూడెం, ఏలూరు ప్రాంతాలు వరిచేలకు, కాలువలకు, కొల్లేటి వైపు చేపల చెరువులకు నెలవు. ఇక్కడి రైతుకు పులి నిత్యానుభవంలోని మృగం కాదు. అయినా అరుగు మీద గీత గీసి, చింతపిక్కలు, గులకరాళ్ళు పేర్చి ఆడే పులిజూదం తెలుగు పల్లెలకు తరతరాలుగా తెలిసిన ఆట. చూడని మృగంతో పోరు ఆటగాడికి నమ్మదగినదిగా ఎలా తోస్తుంది?

ఈ ప్రశ్నకు నాట్యశాస్త్ర పరిభాష ఉపకరిస్తుంది. లోకంలోని నడవడిని ఉన్నదున్నట్లు చూపడం లోకధర్మి. సంకేతాలతో మలచి చూపడం నాట్యధర్మి. పోరు నిబంధనలు ఈ రెండింటి మధ్యే నడుస్తాయి.

1. వివరాల భారం

1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్జ్ ప్రచురించిన క్రీగ్‌స్పీల్ లోకధర్మి వైపు మొగ్గిన యుద్ధక్రీడ. పటాలు, పాచికలు, నష్టాల పట్టికలు, న్యాయనిర్ణేత అందులో భాగాలు. ఆ లెక్కలే ఆటను మందగింపజేశాయి. 1876లో వెర్డీ దు వెర్నువా పట్టికలను పక్కనపెట్టి, ఫలితాన్ని అనుభవజ్ఞుడైన న్యాయనిర్ణేత విచక్షణకు వదిలే పద్ధతిని ప్రతిపాదించాడు.

ఇదే సమస్య బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ క్రీడల్లో మళ్ళీ తలెత్తింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాత్ర ప్రాణశక్తి ఒక అంకె. ఆ అంకె సున్నాకు చేరేదాకా ఎంత గాయపడినా వీరుడి పోరాటపటిమ తగ్గదు. 1978 నాటి రూన్‌క్వెస్ట్ దెబ్బ ఏ అవయవానికి తగిలిందో లెక్కించింది. గాయం స్పష్టమైంది, ప్రతి వేటుకూ చేయవలసిన గణన కూడా పెరిగింది.

2. పులిజూదంలోని గణితం

పులిజూదం గడిలో 23 కూడళ్ళు, 3 పులులు, 15 మేకలు. పులులు ముందుగా కూర్చుంటాయి. మేకలు వంతుకొకటిగా దిగుతాయి. అన్నీ దిగేదాకా ఏ మేకా కదలదు. పక్కనున్న మేక మీదుగా అదే గీతలో ఆవలి ఖాళీలోకి పులి దూకితే ఆ మేక చచ్చినట్లు. మేకకు చంపే శక్తి లేదు. దారులు మూసి పులులను కదలనీయకపోవడమే దాని గెలుపు.

ఒక్క మేకా పోకుండా 15 దిగితే మిగిలే ఖాళీలు 5 మాత్రమే. ఒక మేక పోయినప్పుడు జరిగే నష్టం రెండింతలు: కాపలా ఒకటి తగ్గుతుంది, పులి దూకడానికి చోటు ఒకటి పెరుగుతుంది. క్రీగ్‌స్పీల్ పట్టికలతో చెప్పదలచిన నష్టతీవ్రతను ఇక్కడ గడే చెబుతోంది. అలాగే, గీత వెంట వెనుక తోడున్న మేకను పులి దాటలేదు. మేకకు తోడే కవచం. ఆటగాడు ఈ సూత్రాన్ని విని కాక, ఒంటరి మేకను పోగొట్టుకొని నేర్చుకుంటాడు.

లోకధర్మి దృష్టితో చూస్తే లోపాలు స్పష్టం. పులికి ఆకలి, అలసట, గాయం లేవు; మేకకు బెదురు లేదు. మేకలు పులిని బంధించడం లోకంలో జరగదు. అయితే ఒంటరి బలానికీ బలహీనుల కూడికకూ మధ్య ఉండే సంబంధం మాత్రం చెక్కుచెదరలేదు. పులి పక్షం ఖాళీల కోసం, మేకల పక్షం తోడు కోసం ఆలోచించక తప్పదు.

3. ఒక ఆక్షేపణ

ఈ కొలమానంతో ఏ సంకేతాత్మక క్రీడనైనా వాస్తవికమనవచ్చునన్న ఆక్షేపణకు చదరంగమే సమాధానం. అందులో బలాల తేడా నడకలో కనిపిస్తుంది, చావులో కనిపించదు: బంటు ఏనుగును పట్టినా, ఏనుగు బంటును పట్టినా పద్ధతి ఒక్కటే. పులిజూదంలో చంపలేకపోవడమే ఒక నిబంధన. కనుక ఈ కొలమానం అన్ని ఆటలనూ ఒకే గాటన కట్టదు.

సంక్రాంతి కోడిపందెం మరో కొస. బరిలో రక్తం నిజం, చావు నిజం. కోడిని వదిలిన తరువాత పందెం కాసినవాడికి వేయవలసిన ఎత్తు లేదు. వాస్తవం నిండుగా ఉన్నచోట క్రీడాయోగ్యత ఉండి తీరాలన్న నియమం లేదు.

ముగింపు

ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్లన్నది చోటును బట్టి మారుతుంది. ఆటకు ముందే ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి. వాస్తవికతకూ క్రీడాయోగ్యతకూ సమన్వయం కుదిరేది ఆ ఒప్పందంలోనే. ఫోన్ తెరకెక్కిన రూపంలో ఏదో ఒక అంకె స్థిరపడి, మిగిలినవి తప్పులుగా తోచే ప్రమాదం ఉంది. కాబట్టి జానపద క్రీడల సేకరణలో ఆట పేరు, గడి బొమ్మ మాత్రమే చాలవు. ఏ ఊరి నిబంధన ఆటగాడిని ఏ నిర్ణయానికి నెడుతుందో కూడా నమోదు కావాలి. ఆ నమోదు లేకపోతే గడి మిగులుతుంది, అందులోని పోరు మిగలదు.