ఆక్సిజన్ కూడా మందే

కెనడాలోని ఓక్‌విల్‌లో శ్వాస చికిత్స నా వృత్తి. సికిల్ సెల్ రోగిని నొప్పితో ఎమర్జెన్సీకి తీసుకొచ్చినవాళ్లు తరచుగా ముందు అడిగేది ఆక్సిజనే. అడగడంలో న్యాయం ఉంది. ఆక్సిజన్ తగ్గితే వీళ్ల ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి.

అలాగని అందరికీ గొట్టం పెట్టేయకూడదు. ఇక్కణ్ణుంచి రైలెక్కితే వచ్చే టొరంటోలో, పిల్లల ఆస్పత్రి వైద్యులు నొప్పితో వచ్చిన పిల్లల్లో కొందరికి ఆక్సిజన్, కొందరికి మామూలు గాలి ఇచ్చి చూశారు. 1992లో వెలువడిన ఆ ఫలితాల్లో ఆక్సిజన్ వల్ల నొప్పి తగ్గినట్టు తేలలేదు. పైగా అవసరం లేకుండా రోజుల తరబడి ఇస్తే మజ్జలో కొత్త ఎర్రకణాల తయారీ మందగిస్తుంది. అసలే రక్తం తక్కువున్న మనిషికి అది నష్టం. నొప్పికి కావాల్సింది నొప్పి మందు, అదీ ఆలస్యం లేకుండా.

మరి ఎప్పుడివ్వాలి? మామూలు గాలి పీలుస్తున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 95 శాతం లోపుంటే ఇవ్వమని 2014 నాటి అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి. నేను ఆ అంకెను చూసేముందు ఆక్సీమీటర్ తగిలించిన వేలు చూస్తాను. జనవరి చలిలోంచి వచ్చిన వేలు మంచుముక్కలా ఉంటుంది, తెర మీద నాడి అల సరిగా లేవదు. వేలు వెచ్చబరిచి, గోళ్లరంగు తుడిచి, అల నిలకడగా వచ్చాకే అంకెను నమ్ముతాను. నల్లటి చర్మం మీద ఆక్సీమీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. అనుమానముంటే ధమని రక్తం పరీక్షిస్తాం.

ఆ తర్వాత రోగినే అడుగుతాను: "బాగున్న రోజుల్లో మీకెంత ఉంటుంది?" కొందరికి ఎప్పుడూ 93 ఉంటుంది. ఎప్పుడూ 99 ఉండేవాళ్లకు 95 వచ్చిందంటే నాకు భయం. ఛాతీనొప్పి, జ్వరం, ఆయాసం తోడైతే అంకె బాగున్నా డాక్టర్‌ను పిలిచి ఎక్స్‌రే తీయిస్తాం. ఊపిరితిత్తులకు ముప్పు వచ్చిందేమో చూడాలి. నొప్పికి భయపడి పైపైనే ఊపిరి తీసేవాళ్ల చేత మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి స్పైరోమీటర్‌తో పదేసి లోతైన శ్వాసలు తీయిస్తాం.

మన భారతదేశంలో 2023లో జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలైంది. పాడేరు, ఉట్నూరు వైపు గిరిజన కుటుంబాలకు ఈ జబ్బు కొత్త కాదు. అక్కడ పనిచేసే నర్సులకు, ఆశా కార్యకర్తలకు నా విన్నపం ఒక్కటే. నొప్పి లేని రోజున శాచురేషన్ కొలిచి రోగి కార్డు మీద రాయండి. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో కొత్త డాక్టర్‌కు ఆ అంకే దారి చూపిస్తుంది.