సరిపోలితే సరిపోతుందా?

సాఫ్ట్‌వేర్ పరీక్షలో ఒక పద్ధతి బహుళ ప్రచారంలో ఉంది. ప్రోగ్రాం వెలువరించిన ఫలితాన్ని ఒక ఫైలులో ఉంచుతారు. రావలసిన ఫలితం మరొక ఫైలులో ముందే సిద్ధంగా ఉంటుంది. యంత్రమే రెండింటినీ పంక్తికి పంక్తి పోల్చి, తేడా ఉంటే చూపుతుంది, లేకుంటే 'సరి' అంటుంది. 1970లలో బెల్ ప్రయోగశాలల్లో యూనిక్స్ కోసం తయారైన 'డిఫ్' ఈ పోలికకు ప్రసిద్ధమైన సాధనం. తెలుగు పాఠం విషయంలో ఈ తీర్పు ఎంతవరకు నమ్మదగినదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఈ పద్ధతికి ఉన్న గుణాన్ని ముందుగా ఒప్పుకోవాలి. నిన్న సరిగా పనిచేసినది నేటి మార్పుతో చెడితే, అలుపు లేకుండా క్షణంలో పట్టిస్తుంది. పాఠాలను పోల్చి చూడడం మనకు కొత్తదేమీ కాదు. బ్రౌన్ దొర పండితులచేత తాళపత్ర ప్రతులను పోల్చి చూపించినది ఈ పనే. అయితే ఆ పండితులు తేడాను గుర్తించి ఊరుకోలేదు. ఏది గ్రాహ్యమో విచారించారు. యంత్రం మొదటి సగమే చేస్తుంది.

ఇందువల్ల మూడు చిక్కులు కలుగుతున్నాయి. మొదటిది, తప్పు కాని తేడా. 'తిరువళ్ళూరు', 'తిరువళ్లూరు' రెండూ మన వాడుకలో ఉన్నవే. యంత్రానికి రెండోది తప్పు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కూర్పుగానూ రాయవచ్చు. కంటికి ఒకటే, ఫైలులో వేరు. రెండవది, ఫైలులో చేరని సందర్భం. 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞా' అక్షరాన్ని కంటికి కనబడని ఒక సంకేతంతో కలిపి కూర్చితే ఐఫోన్‌లలో కొన్ని ప్రోగ్రాంలు కుప్పకూలాయి. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6తో ఆ దోషాన్ని సవరించారు. ఎవరూ అడగని ప్రశ్నకు పోలిక జవాబు చెప్పదు.

మూడవది అన్నిటికన్నా లోతైనది. అది అపేక్షిత ఫలితమే తప్పు కావడం. దీనికి తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాలు మంచి ఉదాహరణ. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకాలో అధిక భాగం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1997లో ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాలో నేడు అది భాగం. ఇక్కడి తెలుగువారి పేర్లు ప్రభుత్వ పత్రాల్లో తమిళ లిపిలో నడుస్తాయి. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. చ వర్గం తప్ప తక్కిన వర్గాలదీ దాదాపు అదే తీరు. బాలయ్య, పాలయ్య అక్కడ ఒకే రూపం.

ఆ పేర్లను తిరిగి తెలుగులోకి మార్చే ప్రోగ్రాంను ఊహించండి. గోపాల్ 'కోపాల్' అవుతాడు, దామోదరం 'తామోతరం' అవుతాడు. తెలుగు చదవలేని పరీక్షకుడు తొలిసారి వచ్చిన ఫలితాన్నే అపేక్షిత ఫైలుగా భద్రపరిస్తే, ఆనాటి నుంచి పరీక్ష ప్రతిసారీ 'సరి' అంటూనే ఉంటుంది. అంతేకాదు, రేపు ఎవరైనా 'గోపాల్' అని సరిదిద్దితే, ఆ దిద్దుబాటునే దోషమని పట్టిస్తుంది! తప్పు ఇలా ప్రమాణమై కూర్చుంటుంది. మూలంలో లేని భేదాన్ని ఏ నియమమూ పుట్టించలేదు. ఆ పేరు పెట్టుకున్నవారో, ఆ ఇంటివారో చెప్పవలసిందే.

కనుక పోలికను వదలమని మేము అనడం లేదు. అపేక్షిత ఫైలును ఒక పరిష్కృత ప్రతిగా భావించాలని మా అభిప్రాయం. దాన్ని ప్రోగ్రాం చేత కాక, భాష తెలిసినవారి చేత రాయించాలి. గ్రాహ్యమైన రూపాలు రెండుంటే రెండింటినీ చేర్చాలి. సంకేత భేదాలను పోలికకు ముందే ఏకరూపం చేయాలి. ప్రతి పాఠం ఎవరిని అడిగి నిర్ణయించారో పక్కన నమోదు చేయాలి.

తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని బడుల్లో దశలవారీగా తప్పనిసరి చేసింది. ఇంట తెలుగు మాట్లాడుతూ లిపి చదవలేని తరం అక్కడ పెరిగేకొద్దీ, అపేక్షిత ఫైలును చూసి 'ఇది మా తాత పేరు కాదు' అని చెప్పగలవారు తగ్గుతారు. అప్పుడు పరీక్షలన్నీ నెగ్గుతాయి. పేర్లు మాత్రం ఓడిపోతాయి.