కరెంటుకు నేల గట్టిదనం తెలుసా?

ఈ మధ్య మట్టి పరీక్ష రిపోర్టుల్లో రంగుల బొమ్మలు పెరిగాయి. నేలను నిలువుగా కోసి చూపించినట్టు పైన నీలం, మధ్యలో ఆకుపచ్చ, అడుగున ఎరుపు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. మొన్నొక అపార్ట్‌మెంటు బిల్డరు అలాంటి రిపోర్టే పట్టుకొచ్చాడు. ఒక గడిలో నేల రెసిస్టివిటీ, అంటే కరెంటును నేల ఎంత అడ్డుకుంటుందో ఆ కొలత, పక్క గడిలో దాన్నిబట్టి లెక్కగట్టిన ఎన్ విలువ, ఆ పక్కన చదరపు మీటరుకు ఎన్ని టన్నుల బరువు మోపొచ్చో రాసి ఉంది. సైటులో మాత్రం ఒక్క బోరూ వెయ్యలేదు.

"బోర్ల ఖర్చు మిగిలింది కదా సార్, ఇది చాలదంటారా?" అన్నాడు.

"మిషను మంచిదేనండీ, దానికి తెలియని సంగతి దాని చేత చెప్పించారు" అన్నాను. ఆ మాట అతనికి రుచించలేదు. అందుకే ఈ వారం ఇదే రాస్తున్నాను.

రెసిస్టివిటీ మిషను మన రైతులకు కొత్త కాదు. బోరు పాయింటు పెట్టడానికి వేప పుల్ల, కొబ్బరికాయ పట్టుకొచ్చేవాళ్ల పక్కనే ఈ పెట్టె, తీగలు, ఇనప కడ్డీలు కూడా ఊళ్లు తిరిగాయి. పద్ధతి సులువు. నాలుగు కడ్డీలను సమాన దూరంలో ఒకే వరసలో పాతుతారు. చివరి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తారు. రెండు కడ్డీలు చాలవా అంటే చాలవు. రెండే ఉంటే కడ్డీకీ మట్టికీ మధ్య అంటుకోని చోట పుట్టే నిరోధమే కొలతలో ఎక్కువ భాగం తినేస్తుంది. వోల్టేజి కొలిచే జంటను విడదీస్తే ఆ పీడ వదులుతుంది. ఈ అమరికను అమెరికా ప్రమాణాల బ్యూరోలో పనిచేసిన ఫ్రాంక్ వెన్నర్ 1915లో వివరించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నాం. అంతకు కాస్త ముందే, 1912లో, కాన్రాడ్ ష్లుంబర్జర్ ఫ్రాన్స్‌లోని నార్మండీలో నేలలోకి కరెంటు పంపి మ్యాపు గీశాడు. ఇప్పుడైతే నలభై యాభై కడ్డీలు ఒకేసారి పాతితే పెట్టె తనంతట తానే జంటలు మార్చుకుంటూ కొలుస్తుంది. కడ్డీలు పరిచిన పొడవులో ఐదో వంతో ఆరో వంతో లోతు వరకు నేల కనిపిస్తుంది.

అయితే కనిపించేది ఏమిటి? ఇసుక రేణువు, రాతి రేణువు కరెంటును దాదాపుగా పోనివ్వవు. కరెంటు నడిచేది వాటి సందుల్లో ఉన్న నీటిలో, ఆ నీటిలో కరిగిన ఉప్పుల మీదుగా. బంకమట్టి ఉంటే రేణువుల ఒంటికి అంటుకున్న అయాన్ల మీదుగా కూడా నడుస్తుంది. షెల్ కంపెనీ ఇంజనీరు గస్ ఆర్చీ 1942లో రాతి సందులకూ, వాటిలోని నీటికీ, రెసిస్టివిటీకీ ఉన్న లెక్క చెప్పాడు. అది బంకమట్టి కలవని శుభ్రమైన ఇసుకరాళ్లకు సంబంధించిన లెక్క. చమురు బావుల దగ్గర పుట్టిన ఆ సూత్రాన్ని మన రేగడి నేలకు తెచ్చి అతికిస్తే అతకదు.

ఇక ఎన్ విలువ సంగతి. బోరు అడుగున గొట్టం పెట్టి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ ఉంటే, ముందు 15 సెంటీమీటర్లు వదిలేసి, ఆ తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో అదే ఎన్. మొరటు పరీక్షే, అయినా మట్టి బలాన్ని నేరుగా అడుగుతుంది. కరెంటు అడిగేది నీరెంత, ఉప్పెంత, బంక ఎంత అని. ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు ఒక్కోచోట కలుస్తాయి, ఒక్కోచోట కలవవు.

రెసిస్టివిటీ అంకె వెయ్యి ఓమ్-మీటర్లు వచ్చిందనుకోండి. హైదరాబాదులో అయితే అది గట్టి గ్రానైటు కావచ్చు, దాని మీద నిశ్చింతగా కట్టుకోవచ్చు. బాపట్ల తీరంలో అయితే కాలు పెడితే కూరుకునే పొడి ఇసుక దిబ్బ కూడా ఆ అంకె ఇవ్వగలదు. నేలలో గుల్ల ఉన్నా అంకె పెరుగుతుంది, గాలి గుండా కరెంటు పోదు కాబట్టి. గట్టి బండ, వదులు ఇసుక, ఖాళీ గుల్ల, ఈ మూడింటినీ పట్టికలో ఒకే వరసలో కూర్చోబెట్టి ఎన్ విలువ రాసినవాడి ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

ఇలా లెక్కగట్టడమే తప్పని నేననను. రూర్కీ ఐఐటీ పరిశోధకులు ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్, ఝాన్సీ దగ్గర రెండు సైట్లలో రెసిస్టివిటీనీ బోర్లనూ పక్కపక్కన పెట్టి చూసి 2009లో ఫలితాలు ప్రచురించారు. రెసిస్టివిటీని పొర మందంతో గుణించి చూస్తే ఎన్ విలువతో సరళరేఖలో పోయింది, రెండు చోట్లా. కాకపోతే రేఖలు వేరు. మట్టి మారింది, గుణకాలు మారాయి. అలీగఢ్ లెక్క ఝాన్సీలోనే చెల్లకపోతే శంషాబాదులో ఎలా చెల్లుతుంది? మన రిపోర్టులు రాసేవాళ్లు ఇలాంటి వ్యాసాల్లోంచి సూత్రాన్ని ఎత్తుకొస్తున్నారు, దానికి తోడున్న బోర్లను అక్కడే వదిలేసి.

నల్లరేగడిలో మాత్రం నాకు ఈ మిషను మీద నమ్మకం ఎక్కువ. కారణం ఉంది. రేగడిలోని మాంట్‌మొరిల్లోనైట్ రేకుల మీద రుణావేశం ఉంటుంది, అది అయాన్లను పట్టుకుంటుంది, ఆ అయాన్లు నీటిని లాక్కుంటాయి. గోడలు పగలగొట్టే ఉబ్బుకు అదే మూలం. కరెంటును మోసేదీ ఆ అయాన్లే. తడిసిన రేగడి పది ఓమ్-మీటర్ల లోపే చూపిస్తుంది. ఉబ్బుకూ కరెంటుకూ తల్లి ఒక్కటే కాబట్టి, తక్కువ అంకె ఉన్న పట్టీ ఎంత దూరం పాకిందో చూసి రేగడి ఎక్కడ ఆగి మొరం ఎక్కడ మొదలైందో చాలావరకు చెప్పొచ్చు. ఉప్పునీళ్లున్న చోట, చవుడు నేలలో మాత్రం జాగ్రత్త పడాలి, అక్కడ బంక లేకున్నా అంకె పడిపోతుంది.

కారణం తెలిస్తే ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో నార్వేలో చూడాలి. మంచుయుగంలో సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి, మంచు బరువు తొలగి భూమి పైకి లేవడంతో ఒడ్డున పడింది. వేల ఏళ్లుగా మంచినీరు ఊరుతూ అందులోని ఉప్పును కడిగేసింది. ఉప్పు ఉన్నంతకాలం ఆ మట్టి గట్టిగా నిలుస్తుంది, ఉప్పు పోయాక కదిపితే చాలు నీరైపోతుంది. 1978 ఏప్రిల్ 29న రిస్సాలో ఒక రైతు పశువుల కొట్టం పెంచడానికి తవ్విన మట్టిని చెరువు ఒడ్డున పోశారు. అక్కడ మొదలైన జారుడు పాకుతూ పాకుతూ దాదాపు 3,30,000 చదరపు మీటర్ల నేలను చెరువులోకి లాక్కుపోయింది, ఒకరు చనిపోయారు. అక్కడి భూగర్భ శాస్త్రజ్ఞులు ఇప్పుడు రెసిస్టివిటీతో ఈ మట్టిని వెతుకుతారు. ఉప్పు మిగిలిన బంక 1 నుంచి 10 ఓమ్-మీటర్లు చూపిస్తుంది, ఉప్పు కడిగేసింది 10 నుంచి 100. గమనించారా, అక్కడ అంకె పెరిగితే ప్రమాదం. అంకె పెరిగితే గట్టి నేల అనుకునే మన పట్టిక అక్కడికి పోతే జనాన్ని తీసుకెళ్లి కొంపలంటుకునే చోట కూర్చోబెడుతుంది. అయినా ఆ అంకెలు చూసి వాళ్లు ఊరుకోరు, అనుమానమున్న చోట బోరు వేసి మట్టి తీసి చూస్తారు.

హైదరాబాదులో అసలు అవసరం వేరు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది గానీ, ఇక్కడి నేలకు ఒక్క బోరు సరిపోదు. శిథిలమైన గ్రానైటు మధ్యలో ఏనుగంత గుండ్లు అక్కడక్కడ ఇరుక్కుని ఉంటాయి. బోరు గుండు మీద పడితే బండ తగిలిందని రాసేస్తారు, నాలుగు మీటర్లు పక్కకు జరిగితే అదే లోతులో మెత్తటి మట్టి. పూడ్చేసిన కుంటలు మరో తలనొప్పి. పైన ఎర్రమట్టి పోసి చదును చేశాక కింద కట్టడాల చెత్తా, బురదా ఉన్నాయని పైనుంచి చూసి ఎవరు చెప్పగలరు? ఇలాంటి చోట ముందు కడ్డీలు పాతించి, తక్కువ అంకెను చూపే నీలం రంగు ఎక్కడ అనుమానంగా కిందికి దిగిందో చూసి, ఒక బోరు అక్కడ, మరొకటి ఎక్కువ అంకె ఉన్న ఎరుపులో వేయించమంటాను. బోర్ల సంఖ్య పెద్దగా తగ్గకపోవచ్చు, పడాల్సిన చోట మాత్రం పడతాయి. ఆ బోర్లలో వచ్చిన ఎన్ విలువలతో ఆ సైటుకే పట్టిక తయారు చేసుకుంటే, బోరుకూ బోరుకూ మధ్య నేలను అంచనా కట్టడానికి అప్పుడు పనికొస్తుంది.

అలాంటి రిపోర్టు చేతికొస్తే నేను రంగుల కన్నా ముందు తేదీ చూస్తాను. మే నెలలో కడ్డీల మొదట్లో ఉప్పునీళ్లు పోస్తే తప్ప కరెంటు దిగదు. రేగడి నెర్రెలిచ్చి ఉంటుంది, నెర్రెల్లో గాలి వల్ల అంకె పెరుగుతుంది. అదే చేను ఆగస్టులో కొలిస్తే మరో నేల అనిపిస్తుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినా రెసిస్టివిటీ సుమారు 2 శాతం తగ్గుతుంది. తర్వాత, పక్కన ఇనప కంచె ఉందా, కింద నీళ్ల పైపు పోయిందా అని చూస్తాను. ఇవన్నీ రాసిన రిపోర్టును నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. ఎండాకాలం కొలతలతో వానాకాలం పునాదులకు లెక్కలు కట్టి, తేదీ కూడా వేయని రిపోర్టులే ఎక్కువగా వస్తున్నాయి.